భోజనం అయిపోయింది

30 మార్చి 2025, ఆదివారం. రాత్రి పదకొండున్నర

ఈసారి ఉగాదీ, రంజాన్ పండగా ఒకే రోజు వచ్చాయి. నిన్న సాయంత్రం నెలవంక కనబడిందని టీవీలో చెప్పగానే "మన పంచాంగం, వాళ్ళ చంద్రుడు రాజీపడ్డారండీ అత్తయ్యగారూ" అన్నారు ఈయన. అమ్మ పూర్ణం రుబ్బుతూ "పడనివ్వండి, మంచిదేగా" అంది.

పొద్దున్నే అమ్మ సూట్‌కేసులో ఎండబెట్టి తెచ్చిన వేపపువ్వుతో పచ్చడి చేసింది. తర్వాత జెబెల్ అలీ గుడి. బర్ దుబాయ్ సందులో ఉండే శివాలయం నిరుడు జనవరిలో అక్కడికే మారింది. షార్జా నుంచి మాకిప్పుడు దేవుడు దూరమయ్యాడు, కార్ పార్కింగ్ మాత్రం దొరుకుతోంది. ఇంటికొచ్చి పులిహోర తినేసరికి మూడు.

సాయంత్రం మావాడి వంతు. ఏడో తరగతి గట్టెక్కాడు. "పండగంటే కరామాలో దోసేనా?" అని వారం నుంచీ ఒకటే గోల. వాడి క్లాసు పిల్లలందరూ వెళ్ళే చోటికే వెళ్ళాలట. ఏ దేశంలో దిగినా అవే సోఫాలు, అవే దీపాలు, అదే మెనూ ఉండే చైన్ రెస్టారెంట్లలో అదొకటి, దుబాయ్‌లో ఓ మాల్‌లో. పేరు రాయను. ఎందుకో రేపు రాస్తాను, ఇప్పుడు ఓపిక లేదు.

గుమ్మం దగ్గర ట్యాబ్ పట్టుకున్న అమ్మాయి "ఫిఫ్టీన్ మినిట్స్ మేడమ్" అంటూ చేతిలో బజర్ పెట్టింది. అద్దంలోంచి చూస్తే లోపల ఖాళీ టేబుళ్లు. లెక్కపెట్టాను, ఏడు. ఏడింటి మీదా ఎంగిలి ప్లేట్లు అలాగే ఉన్నాయి. కస్టమర్లు లేక కాదు, తీసి తుడిచేవాళ్ళు లేక ఖాళీ. పదిహేను నిమిషాలు కాస్తా యాభై అయ్యాయి. అమ్మ బెంచీ మీద కూర్చుని, హెల్మెట్లతో వరసగా వచ్చి సంచులు పట్టుకెళ్తున్న డెలివరీ కుర్రాళ్ళని చూస్తూ ఉంది. "కూర్చునేవాళ్ళకి లేదుగానీ పార్సిళ్ళు బాగానే పోతన్నాయే" అంది. నేను పట్టించుకోలేదు.

కూర్చున్నాక పావుగంట ఎవరూ రాలేదు. వచ్చినవాడు నేపాలీ కుర్రాడు, ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. అమ్మ తనకొచ్చిన నాలుగు హిందీ ముక్కల్లో ఒకటి వాడింది: "బాబూ, పానీ." వాడు తెచ్చి, టేబుల్ దగ్గరే మూత తీసి పోశాడు. పెద్ద గాజు సీసా, 18 దిర్హాములు. కొళాయి నీళ్ళు ఇవ్వరా అని నేనడిగేలోపే మూత తీయడం అయిపోయింది.

మావాడు ఫోన్‌లో లెక్క కట్టాడు. దిర్హాము 23 రూపాయల 30 పైసలు. "అమ్మమ్మా, నువ్వు తాగినవి నాలుగొందల ఇరవై రూపాయల నీళ్ళు!"

"సరిగ్గా నాలుగొందల ఇరవయ్యేనా?" అంది అమ్మ. "పేరు బాగా కుదిరిందిరా."

ఈయనకి నవ్వాగలేదు. నిరుడు జులై ఒకటి నుంచి మన దేశంలో పాత శిక్షాస్మృతి పోయి మోసానికి సెక్షన్ 318 వచ్చింది. కానీ అమ్మకి మోసగాడు మోసగాడే, వాడి నంబరు 420.

ఆ తర్వాత నవ్వులేమీ లేవు. మావాడి బర్గర్, ఈయన గ్రిల్డ్ చికెన్, నా సలాడ్ ఒకేసారి వచ్చాయి. అమ్మ సూప్ ముందే వచ్చింది. పండగనాడు నీచు ముట్టదు కాబట్టి ఆవిడకి కూరగాయల పాస్తా చెప్పాను, రెండుసార్లు నొక్కి మరీ చెప్పాను. వచ్చింది చికెన్ పాస్తా. వెనక్కి పంపాం. "సారీ మేడమ్, ఫైవ్ మినిట్స్." ఆవిడ ముందు ప్లేటు లేకుండా మేం ఎలా తింటాం? అమ్మ తినండి తినండి అంటూనే ఉంది. మావాడొక్కడే తిన్నాడు, వాణ్ణి అనుకోలేం. ఈయన చికెన్ మీద నెయ్యిలాంటిదేదో పేరుకుని తెల్లబడింది.

ఫైవ్ మినిట్స్ అన్నమాట నేను విన్నది ఆరుసార్లు. నేపాలీ కుర్రాడు రెండు, గుమ్మం దగ్గరి అమ్మాయి ఒకటి, నల్లచొక్కా ఆయన (అసిస్టెంట్ మేనేజర్ అట) మూడు. నలభై నిమిషాలయ్యాక "వద్దు, బిల్లు ఇవ్వండి" అన్నాను. బిల్లు మాత్రం ఫైవ్ మినిట్స్ కాకుండానే వచ్చింది. 346 దిర్హాములు. అందులో పాస్తా 56 కూడా ఉంది.

"రాలేదుగా" అంటే, "సిస్టమ్‌లో పంచ్ అయిపోయింది మేడమ్, తీసేయాలంటే మేనేజర్ కార్డు కావాలి, మేనేజర్ సెలవులో ఉన్నారు" అన్నాడు నల్లచొక్కా. బదులుగా చాక్లెట్ కేకు ఫ్రీగా ఇస్తాడట. తినని దానికి డబ్బు, అడగని దానికి దానం. అమ్మకి కాళ్ళు లాగుతున్నాయి. కార్డు గీకేశాం.

లేచి వస్తుంటే కుర్రాడు బిల్లు ఫోల్డర్‌లో ఉన్న క్యూఆర్ కోడ్ చూపించి, గొంతు తగ్గించి, "మేడమ్, రివ్యూ రాస్తే నా పేరు రాయండి ప్లీజ్" అన్నాడు. ఇంత జరిగాక! నాకు ఒళ్ళు మండింది. ఆ మంటలోనే ఇది రాస్తున్నాను.

అమ్మ ఇంటికొచ్చి పెరుగన్నం తిని పడుకుంది.


31 మార్చి, సోమవారం

పొద్దున్నే ఫోన్ తీసి ఒక్క స్టార్ నొక్కబోయాను. ఈయన టీ కప్పు పట్టుకుని వెనకే నిలబడ్డారు. "ఏం రాస్తున్నావ్?" చూపించాను. "దొంగ బిల్లు అన్న మాట తీసెయ్. అసలు మొత్తం తీసెయ్."

ఈయన భయపడే మనిషి కాదు, కానీ వీళ్ళ కంపెనీలో ఎవరికో ఏదో అయ్యాక ఇక్కడి సైబర్ నేరాల చట్టం బాగా చదివారు. 2021 నాటి 34వ నంబరు ఫెడరల్ డిక్రీ, 2022 జనవరి 2 నుంచి అమల్లో ఉంది. నెట్‌లో ఒకరి పరువుకి నష్టం కలిగేలా రాస్తే జైలు, లేదా రెండున్నర లక్షల నుంచి ఐదు లక్షల దిర్హాముల దాకా జరిమానా, లేదా రెండూ. "తక్కువలో తక్కువ యాభై ఎనిమిది లక్షల రూపాయలు. ఒక స్టార్‌కి కాస్త ఎక్కువే" అన్నారు.

బాగోలేదని రాసిన ప్రతివాణ్ణీ పట్టుకెళ్ళరులే, అది నాకూ తెలుసు. కానీ కోపంలో నా చేతికి అదుపుండదు. అందుకే ఈ నోట్‌బుక్. ఇందులో కూడా పేరు రాయను, అలవాటు తప్పకుండా.

మధ్యాహ్నం అమ్మా నేనూ చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చున్నాం. నిన్నటి సంగతి నేనే మళ్ళీ ఎత్తాను. నేనైతే ఆ కుర్రాణ్ణి తిడుతున్నాను. అమ్మ చాలాసేపు ఊ కొట్టి, "ఆ పిల్లాడి మీద ఎన్ని బల్లలు ఉన్నాయో చూశావా?" అంది.

నేను చూడలేదు. ఆవిడ చూసింది. పదకొండు. నీళ్ళు, ఆర్డరు, వడ్డన, బిల్లు, మళ్ళీ ఎంగిలి తీయడం, అన్నీ వాడే. "మన మెస్సులో మీ నాన్న సప్లయర్‌కి ఆరు బల్లలు దాటనిచ్చేవారు కాదు. క్లీనర్ వేరు. ఒకే మనిషి ఎంగిలీ తీసి, అన్నమూ పెడితే రెండూ చెడతాయి."

అమ్మ మాట కొట్టెయ్యలేను. తణుకు బస్టాండు వెనక 1984 నుంచి 2006 దాకా మెస్సు నడిపింది వాళ్ళిద్దరూ. నాన్న గల్లాపెట్టె దగ్గర, అమ్మ వంటింట్లో. మాకు ఆ మెస్సే ఇల్లు, ఇల్లే మెస్సు. బడి నుంచి వచ్చి ఖాళీ బల్ల దొరికితే హోంవర్కు, లేకపోతే బియ్యం బస్తా మీద. మనిషి కూర్చోగానే గ్లాసుతో నీళ్ళు, ఆ తర్వాతే ఆకు. నీళ్ళు పెట్టకముందు టోకెన్ అడిగిన సప్లయర్‌ని నాన్న ఆ పూట గల్లా పక్కన నిలబెట్టేవారు, తిట్టకుండా, ఊరికే.

ఇక ఆ బోర్డు. గోధుమరంగు అట్ట మీద నాన్న చేత్తో రాసింది: భోజనం అయిపోయింది. గిన్నె అడుగున ఇంకెన్ని విస్తళ్లకి అన్నం ఉందో అమ్మ లోపల్నుంచి కేకేసేది. పది అనగానే నాన్న లేచి, గుమ్మం ముందున్న తలకాయలు లెక్కపెట్టి, పదకొండోవాడి ముందు బోర్డు వేలాడదీసేవారు. ఒంటిగంటన్నరకి కావచ్చు, పన్నెండూముప్పావుకి కావచ్చు. తహసీల్దారు ఆఫీసు వాళ్ళయినా అంతే. "రెండు నిమిషాలు ఆగండి" అని ఎవర్నీ కూర్చోబెట్టింది లేదు. ఒకసారి కూర అయిపోయిన సంగతి ఆరుగురు కూర్చున్నాక గానీ తెలియలేదట. నాన్న వాళ్ళ దగ్గరికెళ్ళి, "పప్పు, చారు, పెరుగు ఉన్నాయండి, కూర లేదు, తింటే సగం డబ్బులివ్వండి, లేకపోతే ఎదురింటికి నేనే పంపిస్తాను" అన్నారు. నలుగురు తిన్నారు. మిగతా ఇద్దరూ ఎదురింటికెళ్ళి, మర్నాడు మళ్ళీ మా దగ్గరికే వచ్చారు.

"నిన్న అక్కడ లేదు అని చెప్పే నాథుడు లేడే" అంది అమ్మ. "వంటింట్లో సరుకో, చెయ్యో ఏదో అయిపోయింది. పిల్లాడికి తెలుసు. నల్లచొక్కా ఆయనకీ తెలుసు. చెప్పడానికి ఒక్కడికీ హక్కు లేదు."

ఇన్నేళ్ళు నేను ఈ దేశంలో "ఫైవ్ మినిట్స్" వింటూ దాన్ని అబద్ధం అనుకున్నాను. అబద్ధం కూడా కాదేమో. వాళ్ళకి అనుమతి ఉన్న ఒకే ఒక్క వాక్యం అది. పార్సిళ్ళ సంగతీ ఇందులోదే. వంటిల్లు ఒక్కటే, డెలివరీ ఆర్డర్ల గంట ఆగకుండా మోగుతూనే ఉంటుంది. అవి ఆపమని పైనుంచి చెప్పరు, ఆపే బటన్ కింద ఉండదు. గుమ్మంలో అమ్మాయి మాత్రం జనాన్ని లోపలికి పంపుతూనే ఉంటుంది.

అలాగని నల్లచొక్కా ఆయన్ని క్షమించలేదు. 56 దిర్హాములు 56 దిర్హాములే.


2 ఏప్రిల్, బుధవారం

ఆఫీసు. లంచ్‌లో హెడ్డాఫీసుకి ఈమెయిల్ రాశాను. మర్యాదగా, మొత్తం జరిగింది జరిగినట్టు: యాభై నిమిషాలు, తుడవని ఏడు బల్లలు, చికెన్ వచ్చిన కూరగాయల పాస్తా, డెబ్భై ఏళ్ళ ఆవిడ పండగనాడు ఖాళీగా కూర్చోవడం. బిల్లు ఫోటో జతచేశాను. బిల్లు మీద సర్వర్ పేరు అచ్చయి ఉంది. అది కనబడకుండా వేలు అడ్డం పెట్టి ఫోటో తీశాను. ఎందుకలా చేశానో ఇప్పుడు కూడా సరిగ్గా చెప్పలేను. ఆదివారం రాత్రి అయితే ఆ పేరునే పెద్దక్షరాల్లో రాసేదాన్ని.


6 ఏప్రిల్, ఆదివారం. శ్రీరామనవమి

పానకం, వడపప్పు. పక్క ఫ్లాట్ కేరళ వాళ్ళకి ఇచ్చాం, మిరియాల ఘాటుకి వాళ్ళ పాప దగ్గింది.

జవాబు వచ్చింది. "విలువైన అతిథి" అని మొదలు. నా పేరు నాలుగుసార్లు రాసిన ఈమెయిల్‌కి వాళ్ళు పెట్టిన పేరు అది. నా అభిప్రాయం వాళ్ళకి అమూల్యమట, అసౌకర్యానికి చింతిస్తున్నారట, సంబంధిత బృందానికి తెలియజేశారట. 50 దిర్హాముల కూపన్ పంపారు. ముప్ఫై రోజుల్లో వాడాలి. బిల్లు 150 దాటాలి. సెలవు రోజుల్లో చెల్లదు. పాస్తా గురించి ఒక్క ముక్క లేదు.

అమ్మకి చదివి వినిపించాను, తెలుగులో. "అంటే బాకీ వసూలు చేసుకోవడానికి మళ్ళీ వాళ్ళ ఇంటికే భోజనానికెళ్ళి, ఇంకో వంద మనమే ఇవ్వాలా?" అంది. "ఇంతకన్నా ఆ చాక్లెట్టు కేకే నయం కదే."

కరామాలో సాయంత్రం టిఫిన్. సరవణ భవన్ తన మొట్టమొదటి విదేశీ శాఖ తెరిచింది 2000లో, ఈ దుబాయ్‌లోనే. నేను పెళ్ళయి వచ్చిన కొత్తల్లో చేరువైన రుచులంటే అలాంటివే. ఇవాళ మేం వెళ్ళింది ఇంకో చిన్న చోటు, స్టీలు జగ్గుతో నీళ్ళు బల్ల మీద పెట్టే చోటు. మావాడు కిక్కురుమనకుండా నెయ్యి దోసె తిన్నాడు. వాణ్ణి నేనేమీ అనలేదు, అమ్మే నన్ను బల్ల కింద కాలితో తన్నింది, ఏమీ అనకు అని.


9 ఏప్రిల్, బుధవారం

ఈ నెల నాకు పీకల దాకా పని. మొదటి మూడు నెలల వ్యాట్ రిటర్న్ 28లోపు వేయాలి. 2018 జనవరి ఒకటిన ఈ దేశంలో 5 శాతం వ్యాట్ వచ్చిన దగ్గర్నుంచీ నా బతుకులో ఏప్రిల్, జులై, అక్టోబర్, జనవరి మాయమైపోయాయి. ఎవడి బిల్లు చూసినా ముందు పదిహేను అంకెల పన్ను నంబరు మీదికే పోతుంది కన్ను.

ఇవాళ సప్లయర్ ఒకరు (ఇక్కడ సప్లయర్ అంటే సిమెంటు పంపేవాడు, మా మెస్సులో అన్నం పెట్టేవాడు) పంపని సరుక్కి బిల్లు వేస్తే, క్రెడిట్ నోట్ ఇమ్మని ఈమెయిల్ కొడుతున్నాను. కొడుతూ కొడుతూ ఆగిపోయాను. నాకు ఇన్ని రోజులు ఎందుకు తట్టలేదు?

పర్సులోంచి ఆ రాత్రి బిల్లు తీశాను. పన్ను ఇన్వాయిస్ అని పైన అచ్చేసి ఉంది. ధరలన్నీ వ్యాట్‌తో కలిపే. 346లో వ్యాట్ 16.48. పాస్తా 56 తీసేస్తే 290, దాని మీద 13.81. అంటే నాకు సరఫరా చేయని వస్తువు మీద నా దగ్గర 2.67 దిర్హాములు పన్ను పేరుతో వసూలు చేశారు. సరఫరా జరగనప్పుడు అమ్మినవాడు పన్ను క్రెడిట్ నోట్ ఇవ్వాలి, పద్నాలుగు రోజుల్లో. 30వ తేదీకి పద్నాలుగు కలిపితే 13. ఇంకా నాలుగు రోజులుంది.

కొత్త ఈమెయిల్ రాశాను. ఐదే లైన్లు. అమ్మ లేదు, పండగ లేదు, ఎంగిలి ప్లేట్లు లేవు. ఇన్వాయిస్ నంబరు, తేదీ, మీ పన్ను నంబరు, సరఫరా కాని వస్తువు, దాని విలువ. 2017 నాటి 8వ నంబరు ఫెడరల్ డిక్రీ ప్రకారం క్రెడిట్ నోట్ జారీ చేయగలరు. వాళ్ళ ఫైనాన్స్ విభాగానికి కాపీ.

సాయంత్రం ఈయనకి చూపిస్తే, "దీనికి జరిమానా లేదులే, పంపించు" అన్నారు. అప్పటికే పంపేశాను.


10 ఏప్రిల్, గురువారం

పొద్దున తొమ్మిదీ పదికి ఫోన్. ఏరియా మేనేజరట. మొదటి ఈమెయిల్‌కి నాలుగు రోజులు పట్టి కూపన్ వచ్చింది, దీనికి ఒక్క రాత్రి. ఆయన గొంతు మంచిది, నిజంగా నొచ్చుకున్నట్టే మాట్లాడాడు. డబ్బు కార్డుకి తిరిగి వేస్తారు, క్రెడిట్ నోట్ ఈమెయిల్‌లో వస్తుంది.

తర్వాత అడిగాడు: "ఆ రోజు మీ సర్వర్ ఎవరో చెప్పగలరా మేడమ్? తగిన చర్య తీసుకుంటాం."

చర్య! నాకు ఆ రాత్రి వాడు గొంతు తగ్గించి పేరు రాయమన్నది గుర్తొచ్చింది. ఎన్ని రివ్యూల్లో పేరొస్తే అంత మంచిది వీళ్ళకి, మాల్‌లో ఏ రెస్టారెంట్‌కెళ్ళినా ఇదే వినపడుతుంది. పొగడ్తకీ పేరే కావాలి, తప్పుకీ పేరే కావాలి. మధ్యలో పదకొండు బల్లలు ఎవరి పేరు మీద రాయాలి?

"సర్వర్ తప్పేం లేదు" అన్నాను. "ఒక మనిషికి పదకొండు బల్లలు ఇచ్చారు. ఎంగిలి తీసే మనిషి లేడు. వంటింట్లో పాస్తా అయిపోతే అయిపోయిందని చెప్పడానికి ఎవరికీ అధికారం లేదు. బిల్లులో ఒక లైను కొట్టేసే కార్డు సెలవు మీద వెళ్ళింది. మీరు చర్య తీసుకోవాల్సినవి ఇవి."

కాసేపు నిశ్శబ్దం. "నోటెడ్ మేడమ్" అన్నాడు.

నోటెడ్ అంటే ఏమిటో నాకు తెలుసు. అది ఫైవ్ మినిట్స్‌కి పెద్దన్న.


15 ఏప్రిల్, మంగళవారం

అమ్మ వెళ్ళిపోయింది. అరవై రోజుల విజిట్ వీసా, ఇంకో మూడు రోజులున్నా మామిడికాయ పచ్చళ్ళ వేళయిందని ఆగలేదు. హైదరాబాద్ విమానం, అక్కణ్ణుంచి రైలు. ఎయిర్‌పోర్టులో చెకిన్ అయ్యాక, "ఆ పిల్లాడి ఉద్యోగం ఉందంటావా?" అని అడిగింది. ఉంటుందిలే అన్నాను. పేరు చెప్పలేదు కదా అంది. నేను చెప్పలేదు అన్నాను. బిల్లు మీద అచ్చయి ఉందని, వేలితో కప్పినా ఇన్వాయిస్ నంబరుతో వాళ్ళు పట్టుకోగలరని, ఆ నంబరు పంపింది నేనేనని చెప్పలేకపోయాను.


19 ఏప్రిల్, శనివారం

మావాడికి కొత్త పుస్తకాలు కొనడానికి అదే మాల్‌కి వెళ్ళాం. వాణ్ణీ ఈయన్నీ పుస్తకాల షాపులో వదిలి, నేనొక్కదాన్నే రెస్టారెంట్ ముందునుంచి నడిచాను. మధ్యాహ్నం, జనం పలచగా ఉన్నారు. అద్దంలోంచి చూశాను. నేపాలీ కుర్రాడు కనిపించలేదు. వాడి షిఫ్టు కాకపోవచ్చు. గుమ్మంలో అమ్మాయి మారలేదు, నన్ను చూసి "హౌ మెనీ, మేడమ్?" అంది. అడగాలనుకున్నాను. అడిగితే ఆ పేరు నా నోటి నుంచే వెళ్తుంది. "ఊరికే" అని తెలుగులో అనేసి వచ్చేశాను.


22 ఏప్రిల్, మంగళవారం

కార్డులో 56 దిర్హాములు జమయ్యాయి. క్రెడిట్ నోట్ కూడా వచ్చింది, అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయి, వ్యాట్ 2.67. నీళ్ళకిచ్చిన 18 నేను అడగలేదు. నీళ్ళు తాగాం.